ఒక్క ‘డు’ తేడా

ఉత్తరాంధ్ర పల్లెల్లో మగపిల్లాడు గుంటడు, ఆడపిల్ల గుంట. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ‘డు’. వచ్చాడు, తిన్నాడు, పోయాడు అన్నప్పుడు కూడా ఆ ‘డు’ ఒక్కటే మగవాణ్ణి మిగతా లోకం నుంచి విడదీస్తుంది. ఏకవచనంలో ఆడమనిషీ, ఆవూ, బస్సూ అన్నీ ‘వచ్చింది’ కిందికే వస్తాయి. బాలవ్యాకరణం మగవాణ్ణి మహత్తు అంది. స్త్రీని ఏకవచనంలో అమహత్తుల వరసలో నిలబెట్టి, బహువచనంలో మాత్రం మళ్లీ మహత్తుల్లో కలిపింది. గుంటడుగా పెరిగిన మనిషి ఒకరోజు ‘నేను గుంటనే’ అని చెబితే వ్యాకరణంలో కూడా ఒక మెట్టు దిగుతానని చెప్పినట్టే. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లకు మింగుడు పడనిది బహుశా ఇదే. మగపుట్టుక పుట్టి చేతులారా దాన్ని వదులుకునేవాళ్లు ఉంటారా?

ట్రాన్స్ మహిళల మీద చర్చ పదేళ్లుగా కోర్టుల్లో, సినిమాల్లో, సచివాలయాల్లో, రచ్చబండల మీద ఒకేసారి నడుస్తోంది. ఒకరు హక్కు గురించి, ఇంకొకరు దేవుడి గురించి, మరొకరు హార్మోన్ల గురించి మాట్లాడుతున్నారు. అందరూ ఒకే విషయం మాట్లాడుతున్నామనుకుంటున్నారు. ఆ పోగుల్ని విడదీసి చూస్తే శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఒక సంగతి కనబడుతుంది. ఇక్కడ ఆమోదం మనిషికి కాదు, చోటుకి దొరుకుతుంది. ఫలానా చోట ఆమె ఉండొచ్చు, ఫలానా చోట కుదరదు. ‘ఆమె ఆడదా కాదా’ అన్న వాదమంతా ఆ హద్దుల మీద కప్పిన గుడ్డ.

పేర్ల గొడవ

హిజ్రా అన్నది ఉర్దూ మీదుగా మనకు చేరిన మాట. అంతకుముందు గ్రంథాల్లో నపుంసకుడు, పేడి ఉన్నాయి. వీధిలో ఉన్నవి వేరు: కొజ్జా, మాడా, ఈ తరంలో ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’. ఇవన్నీ తిట్లే. ఆడా కాదు, మగా కాదు, ఏదో తక్కువ అనే లెక్కలో పుట్టినవే. ‘ట్రాన్స్‌జెండర్’ మాత్రం పత్రికల్లో, పింఛను జాబితాల్లో పుట్టి ఊళ్లోకి వచ్చింది. దానికి తిట్టు వాసన లేదు, చుట్టరికపు వాసనా లేదు.

రెండు తేడాలు ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే సగం వాదాలు వాటిని కలిపేయడం వల్లే పుడుతున్నాయి. హిజ్రా అంటే ఒక సమాజం. దానికి గురువు, చేలా, జమాత్, ఇలాకాలు, కట్టుబాట్లు ఉంటాయి. ట్రాన్స్ మహిళ అన్నది ఒక మనిషి తన గురించి చెప్పుకునే మాట. మొదటిదానిలో చేరకుండానే రెండోది కావచ్చు. ఇక ‘లింగ మార్పిడి’ అని పత్రికలు అలవాటుగా రాసేది ఒక ఆపరేషన్ పేరు మాత్రమే. పేరు మార్చుకోవడం, జుట్టు పెంచడం, గొంతు, నడక, హార్మోన్లు, కాగితాలు, ఇవన్నీ కలిసి ఏళ్ల తరబడి సాగే మార్పులో ఆపరేషన్ ఒక మజిలీ. చాలామంది ఆ మజిలీకి వెళ్లరు. కొందరికి డబ్బు చాలదు, కొందరికి అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో అక్కను ‘అప్ప’ అంటారు. కొట్టు దగ్గర ఎవరో తెలియని ఆడమనిషిని ‘అప్పా’ అని పిలవడం మామూలే. ట్రాన్స్ మహిళల విషయంలో ఆ పిలుపు దగ్గర నాలుక తడబడుతుంది. మర్యాదగా ‘వచ్చారు’, ‘కూర్చోండి’ అనేస్తే డు, ది రెండూ తప్పిపోతాయి. గౌరవవాచకం ఇలా తప్పించుకోవడానికీ పనికొస్తుందని వ్యాకరణ పుస్తకాలు రాయలేదు.

గడప బయటి ఆమోదం

ఆడవేషానికి ఈ నేల కొత్త కాదు. తూర్పు భాగవతంలో సత్యభామ జడ వేసుకుని తెర వెనక నుంచి వచ్చేది మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీపాత్రలతోనే కూచిపూడికి పేరు తెచ్చి 1970లో పద్మశ్రీ అందుకున్నారు. అంతకుముందే, 1956లో, స్థానం నరసింహారావుకు ఆ గౌరవం దక్కింది. కోనసీమ జిల్లా ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ముందునుంచి విష్ణువు, వెనకనుంచి మోహిని. విరాటపర్వం తెలిసిన ప్రతి ఇంటికీ బృహన్నల తెలుసు.

ఈ పేర్లన్నీ తెచ్చి ‘మన సంస్కృతి ఎప్పుడో ఒప్పుకుంది’ అనడం చర్చలో ఒక అలవాటైపోయింది. అది సగమే నిజం. వేషగాడు తెల్లారితే రంగు కడుక్కుని ‘ఆయన’ అవుతాడు. బృహన్నలకు గడువు ఏడాది. మోహిని పని తీరాక విష్ణువే. ఈ కథలన్నీ తిరిగి మగవాడయ్యే దారి ఉంచుకున్నవి. తిరిగి వెళ్లను అనే మనిషి గురించి వాటిలో ఏమీ లేదు.

వేదిక దిగితే మిగిలినవి రైలు పెట్టె, కొట్టు గడప. హౌరా-చెన్నై మార్గంలో పలాస దాటే బండ్లలో చప్పట్ల చప్పుడు వినగానే నిద్ర నటించేవాళ్లు కొందరు, పది రూపాయలిచ్చి పిల్లాడి తల మీద చెయ్యి పెట్టించుకునేవాళ్లు కొందరు. రైలులో అడుక్కోవడాన్ని 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ ఒప్పుకోదు, అయినా ఇది ఒక బతుకుతెరువుగా నిలిచిపోయింది. కొత్త దుకాణం తెరిచినప్పుడు వాళ్లొచ్చి దిష్టి తీస్తారు. యజమాని ఇచ్చిన నోట్లు తీసుకుని, ఒక రూపాయి బిళ్లను తల చుట్టూ తిప్పి తిరిగి చేతిలో పెడతారు. ఆ బిళ్లను ఖర్చు పెట్టరు, గల్లాపెట్టె మూలన ఉంచుతారు. చెయ్యి మంచిదని నమ్మకం. అదే మనిషి మర్నాడు వచ్చి ‘జీడిపప్పు గ్రేడింగులో పని ఇస్తారా’ అని అడిగితే? ఆడవాళ్లు బారులు తీరి కూర్చునే ఆ షెడ్డులో ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదంటారు. చెయ్యి మంచిదే, పనికి మాత్రం పనికిరాదు.

భక్తికి అవతలి ముఖం భయం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లు తెలుగు రాష్ట్రాలను ఊపినప్పుడు హైదరాబాదు చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. ఆ పుకారు అప్పటికప్పుడు పుట్టింది కాదు. నూరేళ్ల కిందటే చట్టంలో రాసి ఉంది.

రిజిస్టరు నుంచి సర్టిఫికెట్ దాకా

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టంలో ఒక భాగాన్ని హిజ్రాల కోసమే పెట్టింది. దాని పట్టు ప్రధానంగా ఉత్తర భారతం మీదే. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ, అంటే 1919లో, అలాంటిదే ఇంకో చట్టం వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనే అనుమానంతో పోలీసులు వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకోవచ్చు. ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రం రెండుసార్లు మారినా ఆ కాగితం చావలేదు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో సవాలు చేశాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

టెక్కలి, మందస, ఇచ్ఛాపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయేదాకా అంతే. నిజాం చట్టం ఇక్కడ ఒక్కరోజూ అమలు కాలేదు. మరి ఇక్కడి జనం హైదరాబాదు జనం కన్నా తక్కువ భయపడ్డారా? అలా చెప్పడానికి ఆధారమేమీ కనబడదు. చట్టం పోతే చూపు మారుతుందనేవాళ్లు ఈ రెండు ప్రాంతాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మలుపు 2014 ఏప్రిల్ 15. జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రి రెండు మాటలు చెప్పారు. ఒకటి, మూడో లింగాన్ని గుర్తించాలి. రెండు, మగ, ఆడ, మూడో లింగం వీటిలో తానెవరో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదే, ఆపరేషన్ షరతు పెట్టకూడదు. మొదటి మాట పత్రికల పతాక శీర్షికలకెక్కింది, రెండోది లోపలి పేజీల్లో ఉండిపోయింది. అందుకే ‘థర్డ్ జెండర్’ అనేది ఊరూరా తెలుసు. ‘నేను మూడో రకం కాదు, ఆడదాన్ని’ అనొచ్చని తెలిసినవాళ్లు తక్కువ.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద వచ్చిన 2019 చట్టం ఈ రెండో మాటను ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకుంది. తాను అనుకున్న జెండర్‌తో గుర్తింపు పొందే హక్కు ఉందని 4వ సెక్షన్‌లో రాసింది. కానీ కలెక్టరు మొదట ఇచ్చేది ‘ట్రాన్స్‌జెండర్’ సర్టిఫికెట్. ‘స్త్రీ’ అని కావాలంటే ఆపరేషన్ అయినట్టు వైద్యుల కాగితంతో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలంది. ఉద్యమకారుల మిగతా అభ్యంతరాల్లో ఒకటి శిక్షది. ట్రాన్స్ మహిళ మీద లైంగిక హింసకు 2019లో ఆ చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. స్త్రీ మీద అత్యాచారానికి ఇప్పుడు కనిష్ఠమే పదేళ్లు. ఇంకొకటి ఇంటిది. చట్టం దృష్టిలో కుటుంబమంటే రక్తం, పెళ్లి, దత్తత బంధాలే, అక్కడ కుదరకపోతే పునరావాస కేంద్రం. గెంటేసిన ఇంటికి బదులు చేరదీసిన గురువు ఇల్లు అందులో లేదు.

కోర్టులు మాత్రం చట్టం కన్నా నాలుగడుగులు ముందున్నాయి. 2019లో మద్రాసు హైకోర్టు, హిందూ వివాహ చట్టంలోని వధువు అన్న మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఉందని చెప్పింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒంగోలు నుంచి ఒక కేసు వచ్చింది. భార్య ట్రాన్స్ మహిళ. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆమె స్త్రీ కాదు, భర్త క్రూరత్వం మీద పెట్టే 498ఎ కింద ఫిర్యాదు చెల్లదు అని భర్త తరఫు వాదన. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. ఆడతనాన్ని గర్భసంచితో కొలవడానికి వీల్లేదన్నది తీర్పు సారం. ఆధారాలు చాలక కేసు కొట్టేశారు గానీ ఆ మాట మిగిలింది. పిల్లలు లేని ఆడవాళ్లను ఏమేమి అంటారో తెలిసిన మన పల్లెల్లో, ఆ తీర్పు ట్రాన్స్ మహిళల కన్నా మిగతా ఆడవాళ్లకే ఎక్కువ అక్కరకొచ్చేది.

ఎవరేమంటున్నారు

స్థూలంగా నాలుగు పక్షాలు. వాటి బలం ఒకేలా లేదు.

మొదటిది దైవాంశ పక్షం: శాపమో వరమో, వాళ్లది వేరే పుట్టుక. జనంలో దీని వేళ్లే లోతు. దీవెన కోరుతుంది, అద్దెకు ఇల్లివ్వదు. రెండోది జాలి పక్షం, ప్రభుత్వాలది కూడా ఇదే. 2017 చివర్లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నెలకు 1,500 రూపాయల పింఛను ఒప్పుకుంది. 2024 జులై నుంచి అది 4,000. వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, డప్పు కళాకారులతో పాటు జాబితాలో ట్రాన్స్‌జెండర్ ఒక గడి. చేతికి అందే సాయం ఇదొక్కటే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. కానీ పద్దెనిమిదేళ్లు నిండగానే పింఛను ఇవ్వడమంటే, ఈ మనిషికి పని దొరకదని ప్రభుత్వమే ముందే ఒప్పేసుకున్నట్టు.

మూడోది స్వీయ నిర్ణయ పక్షం, నల్సాది. చదువుకున్న ట్రాన్స్ యువతులది, వాళ్ల సంఘాలది. ట్రాన్స్ రచయిత్రి రేవతి జీవితకథకు పి. సత్యవతి చేసిన తెలుగు, ‘ఒక హిజ్రా ఆత్మకథ’, 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకుంది. తెలుగు పాఠకులు ఈ మాటను లోపలినుంచి విన్నది ఎక్కువగా ఆ పుస్తకంతోనే. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరినప్పుడు, 2024 డిసెంబరులో 39 మంది హైదరాబాదు ట్రాఫిక్ విధుల్లోకి వచ్చినప్పుడు ఈ పక్షం ఇన్నాళ్లూ అంటున్నది కళ్లకు కట్టింది.

నాలుగోది పుట్టుకే ఖరారు అనే పక్షం. ఇంగ్లండులో, అమెరికాలో ఇది ఇప్పుడు బలంగా ఉంది. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అక్కడి సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని తేల్చింది. ఆటల పోటీలు, జైళ్లు, బాలల వైద్యం అక్కడి రచ్చకు మూలాలు. మన దగ్గర ఈ వాదం యూట్యూబు మీదుగా దిగుమతి అవుతోంది, సందర్భాలు మాత్రం కలవడం లేదు. ఆటల మాట ఎత్తగానే పక్క రాష్ట్రం అథ్లెట్ ద్యుతీ చంద్ పేరు తెస్తారు. ఆమె పుట్టుకతోనే ఆడపిల్ల. 2014లో ఆమెను ఆపింది సహజంగా ఎక్కువగా ఉన్న హార్మోన్ లెక్క. నిజానికి పుట్టుకే కొలత అనేవాళ్లకు ఆ ఉదాహరణ ఎదురుతిరుగుతుంది. అయినా ఈ పక్షం వేసే ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: ఒంటికి సంబంధించిన లెక్కల్లో పుట్టుక ఎక్కడైనా నిజంగా అవసరమా? ఉద్దానంలో ఆ ప్రశ్నకు ఒక సొంత రూపం ఉంది.

క్రియాటినిన్ 1.2

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు క్రియాటినిన్ అన్నది ఇంగ్లిషు మాటలా వినిపించదు. ‘ఎంతుంది?’ అని అడిగితే అంకె చెప్తారు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలైంది ఈ ఊళ్లను పట్టిన కిడ్నీ రోగం కోసమే.

రక్తంలోని క్రియాటినిన్ నుంచి మూత్రపిండం ఎంత పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రంలో వయసుతో పాటు ఆడా మగా అన్న గడి ఉంది. క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది, సగటున మగవాళ్లకు కండరం ఎక్కువ. ఇప్పుడు వాడే 2021 సూత్రంలో నలభై ఏళ్ల మనిషికి 1.2 వేసి చూడండి. గడిలో మగ అని నొక్కితే సుమారు 78, ఆడ అని నొక్కితే సుమారు 59. అరవైకి కింద మూడు నెలలు నిలిస్తే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. అదే రక్తం, అదే మనిషి. ఒక గడిలో ఇంటికి పంపేయొచ్చు, ఇంకో గడిలో రోగి.

ఈస్ట్రోజన్ వాడుతున్న ట్రాన్స్ మహిళకు కండరం క్రమంగా తగ్గుతుంది, క్రియాటినిన్ కూడా దిగుతుంది. అప్పుడు మగ గడీ సరిపోదు, ఆడ గడీ పూర్తిగా సరిపోదు. ఏది వాడాలన్నది వైద్యుల్లో ఇంకా తేలలేదు. రెండూ లెక్కగట్టి చూడమంటారు కొందరు, కండరం మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి పరీక్ష చేయించమంటారు ఇంకొందరు. దీనికి మందుల చిక్కు తోడు. మగ హార్మోను ప్రభావాన్ని అణచడానికి వాడే స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియం పెంచుతుంది. మూత్రపిండం దెబ్బతిన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తేవొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి, మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని ఎక్కువెక్కువ మింగితే రక్తం గడ్డకట్టే ముప్పు. ఆరోగ్యం దృష్టితో చూస్తే ఈ తీరంలో అన్నిటికన్నా అత్యవసరమైనది ఈ మాటే. చర్చలో అన్నిటికన్నా తక్కువ వినిపించేదీ ఇదే.

వైద్యశాస్త్రం తన వైఖరి మార్చుకున్న సంగతీ ఇక్కడే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టిక, ఐసీడీ-11, ట్రాన్స్ కావడాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసింది. మనసు మార్చే ‘చికిత్స’ పేరుతో చేసేవి వృత్తి దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. అదే ఏడాది కేంద్రం ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో ఆపరేషన్ సహా ఏడాదికి 5 లక్షల దాకా బీమా ప్రకటించింది. హైదరాబాదు నారాయణగూడలో ట్రాన్స్ వ్యక్తుల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ మాత్రం అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 మొదట్లో మూతపడింది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి ఇక్కడ హార్మోను మాత్ర ఆగింది.

అద్దంలో చూసుకునే మనిషి సంగతి ఈ కాగితాలన్నిటికీ అవతల ఉంది. రంగు తెల్లగా, నడుము సన్నగా, గొంతు పలచగా ఉండాలని ఆడపిల్లల మీద మోపిన కొలతలే ట్రాన్స్ మహిళల మీదా పడతాయి, రెండింతలుగా. అచ్చం ఆడదానిలా ఉంటే మోసం చేసిందంటారు, లేకపోతే వేషమంటారు. ఈ రెండు నిందల మధ్య ఆమె నిలబడగలిగే జాగా ఎంతో ఎవరూ చెప్పరు.

జీరో టికెట్

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. టెక్కలి నుంచి పలాస వెళ్లే బస్సులో ఇది చిన్న పరీక్ష. చీర కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల ముందు కండక్టరు గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాస్తాడు, కళ్లు అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటాయి. ట్రాన్స్ మహిళ ఆధార్‌లో ఇంకా ‘పురుషుడు’ ఉంటే ఉచితం లేదు. ‘ట్రాన్స్‌జెండర్’ అని మార్పించుకుంటే ఉచితం, కానీ కార్డు తీసిన ప్రతిసారీ బస్సంతటికీ చాటింపు. ‘స్త్రీ’ అని ఉంటే నిశ్శబ్దంగా ప్రయాణం, కానీ అప్పుడు నాలుగు వేల పింఛను గడి ఆమెది కాదు.

నల్సా ఇచ్చిన రెండు మాటలు ఇక్కడ ఢీకొంటాయి. సాయం కావాలంటే మూడో గడిలో ఉండాలి, తాననుకున్నట్టు బతకాలంటే రెండో గడిలోకి వెళ్లాలి. రిజర్వేషన్ల చర్చలోనూ ఇదే ముడి. వెనకబడిన తరగతిగా చూడాలని నల్సా చెప్పింది. మరి దళిత కుటుంబంలో పుట్టిన ట్రాన్స్ మహిళ ఎస్సీ హక్కు వదులుకుని బీసీ వరసలోకి రావాలా? 2021లో కర్ణాటక, అన్ని వర్గాల లోపలా ఒక శాతం అడ్డంగా కేటాయించి ఈ ముడిని తప్పించింది. దేశమంతటికీ అలాంటి ఏర్పాటు రాలేదు.

లెక్కకు రానిది

2011 జనగణనలో మగ 1, ఆడ 2, ఇతరులు 3. మూడో అంకె కింద దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది తేలారు. ఆ అంకెను పట్టుకుని విధానాలు రాసేవాళ్లు, చాలా తక్కువని కొట్టిపారేసేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. అది ఎలా వచ్చిందో చూడాలి. ఎన్యూమరేటరు అడిగేది ఇంటి పెద్దను. ఒంటిమీద చీరతో ఊరు దాటిన బిడ్డ గురించి ఆ పెద్ద ఏమి చెప్తాడు? ఉద్దానం ఊళ్లలో వలస మామూలే. హైదరాబాదు, చెన్నై, గుజరాత్ చేపల రేవులు, గల్ఫు. ‘మా గుంటడు పైదేశం ఎల్లినాడు’ అంటే ఎవరూ ఎదురు అడగరు. ఇంటి పరువు కాపాడే మాట ఈ తీరంలో అంత తేలిగ్గా దొరుకుతుంది. ఆ గుంటడు ఏ పేరుతో ఎక్కడ ఉన్నాడో, ఉందో, ఆ కాగితంలోకి ఎక్కదు.

2027 జనగణనలో మళ్లీ అదే ప్రశ్న కొబ్బరితోటల మధ్య గడపలకు వస్తుంది. జవాబు చెప్పేది మళ్లీ నాన్నే.